రాతిలో దాగిన నీళ్లు

మంచిర్యాల జిల్లా దేవాపూర్. 1982 నుంచి సిమెంటు తీస్తున్న ఊరు. రాత్రి షిఫ్టు. మిల్లు మోతకు ల్యాబు కిటికీ అద్దాలు సన్నగా అదురుతున్నాయి. నీ ముందున్న పళ్లెంలో తెల్లటి పొడి. జిప్సం. వేళ్ల మధ్య నలిపి చూడు. పైన కాస్తంత చెమ్మ, అంతే. కానీ దీని స్ఫటికాల్లో ఐదో వంతు దాకా నీళ్లే బిగుసుకుని ఉన్నాయి.

ఫోన్ మోగుతుంది. మిల్లు ఆపరేటర్.

"అన్నా, కొత్త జిప్సం ఎట్లున్నది? ఎంత కలపాలె?"

అసలు కలపకపోతే, నీళ్లు పోసిన కొద్ది నిమిషాలకే సిమెంటు గట్టిపడుతుంది. మేస్త్రీకి తాపీ ఆడించే వ్యవధి ఉండదు. ఎంత కలపాలో తేలాలంటే సరుకులో మట్టెంతో, జిప్సమెంతో తెలియాలి. అది చెప్పేవి ఆ నీళ్లే. స్వచ్ఛమైన జిప్సం 100 గ్రాముల్లో 20.9 గ్రాములు ఉంటాయి.

ముందు పైచెమ్మ పోవాలి. ఎదురుగా రెండు ఓవెన్లు. ఒకటి సింగరేణి బొగ్గు తేమ చూసేది, 108 డిగ్రీల మీద ఉంది. తొందరగా తేలిపోతుంది. రెండోది 45. గంటలు పడుతుంది. చెయ్యి మొదటిదాని వైపే పోతుంది. ఆగు. ఆ వేడికి లోపలి నీళ్లూ కదిలిపోతాయి. ఇక లెక్కే ఉండదు. 45లోనే పెట్టు.

ఆరింది. సరిగ్గా ఒక గ్రాము తూచి మూసలో పోసి, హాట్‌ప్లేట్ మీద పెట్టావు. వేడి పెరుగుతోంది. పొడి కదిలింది. ఉడుకుతోంది! ఆవిరి కింది నుంచి తన్నుతోంది. చిటికెడు ఎగిరిపడినా అదీ నీళ్ల ఖాతాలోకే పోతుంది. వేడి తగ్గించు. మూత వారగా పెట్టు. మెల్లగా. చెయ్యి వణకనివ్వకు.

కుదుటపడింది. ఇప్పుడు 225 డిగ్రీల ఓవెన్‌లోకి.

బయటికి తీశాక వెంటనే తూయకు. వేడిగాలి పైకి లేస్తూ బరువు తక్కువ చూపిస్తుంది. బల్ల మీద చల్లారబెట్టకు. పొడి గాలిలోని తేమను తాగేస్తుంది. తేమ చొరబడని గాజుపాత్ర, డెసికేటర్‌లో పెట్టి మూత బిగించు.

0.819.

మళ్లీ ఫోన్. "అయిందా అన్నా?"

నీళ్లన్నీ పోయాయని ఎలా చెప్తావు? మళ్లీ ఓవెన్. 0.812. ఇంకా తగ్గింది. మళ్లీ. 0.812.

ఆగింది. పోయిన నీళ్లు 0.188. ఉండాల్సినవి 0.209. ఫోన్ అందుకుంటావు.

"తొంభై శాతం ఉన్నది తమ్మీ, పాళ్లు సరిచెయ్యి. మిల్లు వేడి కూడా చూస్కో. 120 దాటిందంటే ఈ నీళ్లు అక్కడనే పోతయ్, రేపు మేస్త్రీ కలిపిన మాల్ తొట్లోనే బిగుసుకుంటది."