విమాన పరికరములకు నిర్బంధ పరీక్షలు ఎట్లు వచ్చినవి?

పెద్ద ప్రయాణీకుల విమానమును దగ్గరనుండి చూచినవారికి దాని ముక్కు ప్రక్కన కొక్కెము వలె వంగి, ముందువైపునకు నోరు తెరచియున్న చిన్న గొట్టములు కనబడును. వాటికి కొంత వెనుకగా, విమానపు ప్రక్కగోడలో, సన్నని రంధ్రములు కొన్ని ఉండును. చూచుటకు ఇవి అల్పమైనవి. కాని వీటిని ఎప్పుడు పరీక్షింపవలెనో, ఎట్లు పరీక్షింపవలెనో, ఏ రకపు గొట్టమును తొలగింపవలెనో నిర్ణయించు శాసనములు నేడు ప్రపంచమందంతటను కలవు. ఆ శాసనమును పాటింపని విమానము ఎగురుటకు వీలులేదు. ఇంత చిన్న భాగమునకు ఇంత కట్టుదిట్టము ఎందుకు కావలసివచ్చినదో తెలిసికొనుటకు, ముందు దాని పుట్టుకను చూడవలెను.

నదిలో పుట్టిన పరికరము

1732లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ పిటో పారిస్ నగరములోని సీన్ నది వేగమును కొలుచుటకు ఒక సాధనమును కనిపెట్టెను. ఒక గాజు గొట్టము నిలువుగా ఉండును. రెండవది క్రిందిభాగమున లంబముగా వంగి, ప్రవాహమునకు ఎదురుగా నోరు పెట్టుకొని ఉండును. నీరు నిలిచియున్నచో రెండు గొట్టములలోను మట్టము సమానము. నీరు పారుచున్నచో వంగిన గొట్టములోనికి తోసుకొని వచ్చి పైకి లేచును. ఆ లేచిన ఎత్తును బట్టి వేగము తెలియును. సెకనుకు 1 మీటరు వేగమునకు నీరు సుమారు 5 సెంటీమీటర్లు లేచును. వేగము 2 మీటర్లయినచో 20 సెంటీమీటర్లు లేచును. అనగా వేగము రెట్టింపైనచో ఎత్తు నాలుగు రెట్లగును. నది అడుగుకు పోయినకొలది ప్రవాహవేగము పెరుగునని ఆనాడు చాలమంది నమ్ముచుండిరి. పిటో తన గొట్టముతో కొలిచి, అది తగ్గునని చూపెను.

నీటికి వర్తించిన ఈ సూత్రమే గాలికిని వర్తించును. విమానపు గొట్టములోనికి ఎదురుగాలి తోసుకొని వచ్చినప్పుడు ఏర్పడునది మొత్తము పీడనము. ప్రక్కగోడలోని రంధ్రములకు తగులునది చుట్టునున్న గాలి యొక్క నిశ్చల పీడనము. ఈ రెండింటి తేడాయే వేగమును తెలుపును. సముద్రమట్టమున సెకనుకు 100 మీటర్ల వేగముతో, అనగా గంటకు 360 కిలోమీటర్ల వేగముతో పోవు విమానమునకు ఈ తేడా ఎంత? లెక్కించినచో అది సుమారు 46 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. వాతావరణ పీడనములో ఆరు శాతము మాత్రమే. విమానపు ఎత్తును తెలుపు ఆల్టిమీటరు కూడ నిశ్చల పీడనమును కొలుచు భారమితియే. భూమికి సమీపమున 1 మిల్లీమీటరు పాదరసపు తేడా సుమారు 11 మీటర్ల ఎత్తునకు సమానము. ఇంత స్వల్పమైన తేడాలపై ఆధారపడు పరికరమునకు గొట్టములో ఒక చిన్న లీకున్నను, రంధ్రముపై కొద్దిపాటి మురికి చేరినను చాలును. అది చెప్పునది తప్పగును.

కన్నులకు బదులు పరికరములు

తొలినాటి వైమానికులు నేలను చూచుచు, తీగెలు చేయు శబ్దమును వినుచు విమానమును నడిపెడివారు. మేఘములలో చిక్కుకొన్నచో దిక్కు తోచక కూలినవారు అనేకులు. 1928లో పాల్ కోల్స్‌మన్ అమెరికాలో అంతకుముందటి వానికంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైన ఆల్టిమీటరును తయారుచేసెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన జేమ్స్ డూలిటిల్ న్యూయార్కు దగ్గరి మిచెల్ ఫీల్డులో తన కూర్చుండుచోటును పూర్తిగా కప్పివేసుకొని, బయటి ప్రపంచమును చూడకుండ, పరికరములనే నమ్మి విమానమును లేపి, సుమారు 15 మైళ్లు తిరిగివచ్చి దింపెను. అవసరమైనచో ఆదుకొనుటకు మరియొక వైమానికుడు విమానములో ఉండెను గాని, ఆయన జోక్యము కావలసిరాలేదు.

ఆనాటినుండి మేఘములలోను, రాత్రివేళలందును ప్రయాణము సాధ్యమైనది. కాని వైమానికుడు తన కన్నుల బదులు పరికరమును నమ్మవలసివచ్చినప్పుడు, ఆ పరికరము నమ్మదగినదని ఎవరు చెప్పవలెను? తయారుచేసినవాడా, విమానము కొన్నవాడా, ప్రభుత్వమా?

నియమముల ప్రారంభము

అమెరికాలో 1926నాటి వాయువాణిజ్య చట్టము విమానములకు ఎగురుటకు తగిన యోగ్యతాపత్రము ఉండవలెనని విధించెను. మన దేశమున 1934లో విమానముల చట్టమును, 1937లో దాని క్రింద నియమములును వచ్చినవి. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగో నగరములో అనేక దేశములు కలిసి ఒక ఒడంబడిక చేసికొనినవి. దాని ఎనిమిదవ అనుబంధము విమానముల యోగ్యతకు సంబంధించినది, 1949లో ఆమోదింపబడినది. ఒక దేశములో తయారైన విమానము నూరు దేశములలో ఎగురును గనుక, తయారుచేసిన దేశములో లోపము బయటపడినచో ఆ సమాచారము ఆ విమానమున్న దేశములన్నిటికిని చేరవలెను. ఈ ఏర్పాటునుండి పెరిగినదే విమానయోగ్యతా ఆదేశము. తయారీదారు ఇచ్చునది సలహా. ప్రభుత్వ సంస్థ ఇచ్చునది ఆదేశము. సలహాను వాయిదా వేయవచ్చును. ఆదేశమును గడువులోగా నెరవేర్చనిచో విమానము నేలమీద ఉండవలసినదే.

ఈ సలహాకును ఆదేశమునకును గల తేడా ఎంత పెద్దదో తరువాతి సంఘటనలు తెలుపును.

మంచు

1974 డిసెంబరు 1వ తేదీన నార్త్‌వెస్టు సంస్థకు చెందిన ఒక బోయింగ్ 727 విమానము ఒక క్రీడాజట్టును తీసికొనివచ్చుటకై న్యూయార్కునుండి బఫెలో నగరమునకు ఖాళీగా బయలుదేరెను. పిటో గొట్టములలో మంచు పేరుకొనకుండ వాటిని విద్యుత్తుతో వేడిచేయు ఏర్పాటు ఉండును. ఆనాడు దాని మీట వేయబడలేదు. గొట్టపు నోరును, లోని నీరు కారిపోవు సన్నని రంధ్రమును రెండును మంచుతో మూసికొనిపోయినవి.

ఇప్పుడు జరుగు వింత గమనింపదగినది. గొట్టములో చిక్కిన గాలి పీడనము మారదు. విమానము పైకి పోయినకొలది నిశ్చల పీడనము తగ్గును. రెండింటి తేడా పెరుగును గనుక, ఎత్తు పెరుగుటనే పరికరము వేగము పెరిగినట్లుగా చూపును. విమానము మితిమీరిన వేగముతో పోవుచున్నదని భ్రమించిన వైమానికులు వేగము తగ్గించుటకై ముక్కును ఇంకను పైకెత్తిరి. నిజమైన వేగము పడిపోయినది. ముక్కు అతిగా పైకెత్తబడినప్పుడు రెక్కలపై గాలి ప్రవాహము చెదరి, అవి విమానమును మోయజాలవు. దాదాపు 24,800 అడుగుల ఎత్తునుండి విమానము కూలి ముగ్గురు సిబ్బందియు మరణించిరి. వేడిచేయు ఏర్పాటు పనిచేయనిచో దీపము వెలిగి వైమానికుని హెచ్చరింపవలెనను నియమము అమెరికాలో తరువాత వచ్చినది.

మట్టి, అంటుపట్టీ

1996 ఫిబ్రవరి 6వ తేదీన డొమినికన్ రిపబ్లిక్కులోని ప్యుయెర్టో ప్లాటా నుండి లేచిన బిర్గెనైర్ వారి బోయింగ్ 757 సముద్రములో కూలి 189 మంది మరణించిరి. ఆ విమానము అంతకుముందు కొన్నివారములు నేలపై నిలిచియుండెను. గొట్టములు దొరకలేదు గనుక కారణము కంటబడలేదు. అయినను మట్టిగూళ్లు కట్టు కందిరీగ ఒక గొట్టములో గూడు కట్టియుండవచ్చునని విచారణచేసినవారు భావించిరి. మన ఇండ్లలో తాళపు రంధ్రములందును, కిటికీ మూలలందును గూడు కట్టు కందిరీగలను ఎరిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు. కప్టెనుగారి వేగసూచిక పనిచేయుటలేదని నేలమీద పరుగెత్తుచున్నప్పుడే తెలిసినది. అయినను విమానము ఆపబడలేదు.

అదే సంవత్సరము అక్టోబరు 2వ తేదీ రాత్రి పెరూ దేశపు లీమా నుండి శాంటియాగోకు బయలుదేరిన ఏరోపెరూ విమానములో 70 మంది మరణించిరి. విమానమును శుభ్రపరచునప్పుడు ఎడమప్రక్క నిశ్చల పీడన రంధ్రములలోనికి నీరు పోకుండ అంటించిన పట్టీలను తరువాత తీసివేయలేదు. వైమానికులు తమ ఎత్తెంతయని నేలమీది అధికారిని అడిగిరి. ఆయన 9,700 అడుగులని చెప్పెను. కాని ఆ అంకె విమానములోని అదే పరికరమునుండి రేడియో ద్వారా ఆయన తెరపైకి వచ్చినది. తప్పు చెప్పిన సాక్షినే రెండవసారి పిలిచి, వేరొక సాక్షి దొరికెనని అనుకొన్నట్లయినది. ఆ క్షణములలో విమానము సముద్రమునకు అతి సమీపముగా నుండెను.

సలహా ఆదేశమైన దినము

2009 జూన్ 1వ తేదీన రియో డి జనీరో నుండి పారిస్‌కు పోవుచున్న ఏర్ ఫ్రాన్సు 447వ నంబరు విమానము, ఏర్‌బస్ ఏ 330, అట్లాంటిక్ మహాసముద్రములో కూలినది. అందలి 228 మందియు మరణించిరి. దాదాపు రెండు సంవత్సరముల తరువాత, 2011 మే నెలలో, సుమారు 3,900 మీటర్ల లోతునుండి దాని నమోదు పెట్టెలు పైకి తీయబడినవి.

ఎత్తైన మేఘములలోని మంచు స్ఫటికములు పిటో గొట్టముల నోళ్లను మూసివేసినవి. నీరు కారు రంధ్రము మాత్రము తెరచియుండుటచే లోని పీడనము పడిపోయి, ఈసారి వేగము హఠాత్తుగా తగ్గినట్లు కనబడెను. విమానమును నడుపుచున్న స్వయంచాలక యంత్రము చేయి వదలినది. గొట్టములు సుమారు ఒక నిమిషములో మరల పనిచేయసాగినవి. కాని ఆ లోపల ముక్కు పైకెత్తబడి, రెక్కలు గాలిపట్టు కోల్పోయినవి. యంత్రము వదలినది మొదలు సముద్రమును తాకువరకు 4 నిమిషముల 23 సెకనులు గడచెను. లోపము గొట్టముది; కాని దానికి ఎట్లు స్పందింపవలెనో సిబ్బందికి తగిన శిక్షణ లేకపోవుటయు అంతటి కారణమేనని ఫ్రెంచి విచారణసంస్థ తేల్చెను. పిదప ఎత్తులో నమ్మరాని వేగసూచనలు వచ్చినప్పుడు చేయవలసిన పనులు శిక్షణలో చేర్చబడినవి.

థేల్స్ వారి ఆ రకపు గొట్టములు ఎత్తులో మూసికొనుట అదే మొదటిసారి కాదు. క్రొత్త రకమునకు మార్చుట మంచిదను సూచన అంతకుముందే ఉండెను. మార్చితీరవలెనను శాసనము లేదు. విమానసంస్థ మార్పు మొదలుపెట్టియుండెను గాని, ఆ విమానమువంతు ఇంకను రాలేదు. 2009 ఆగస్టు 31వ తేదీన ఐరోపా విమానభద్రతా సంస్థ ఆదేశము జారీచేసెను. ఏ 330, ఏ 340 విమానములనుండి ఆ పాత రకమును తీసివేయవలెను. మూడు గొట్టములలో కనీసము రెండు గుడ్రిచ్ వారివి ఉండవలెను.

కథ అంతటితో ముగియలేదు. మరుసటి నెలలోనే మరియొక ఆదేశము అత్యవసరముగా వెలువడినది. క్రొత్తగా అమర్చుచున్న గుడ్రిచ్ గొట్టములలో కొన్నింటి అతుకులు తయారీలో సరిగా బిగింపబడలేదు. అచ్చట గాలి కారినచో వేగసూచన తప్పును. కావున ఆ అతుకుల బిగువును పరీక్షింపవలెనని దాని సారాంశము. రోగమునకిచ్చిన మందును కూడ పరీక్షింపవలసివచ్చినది. క్రొత్తది గనుక మంచిదని నమ్మక దానినికూడ కొలిచిచూచుటయే నిర్బంధ పరీక్ష ఉద్దేశము.

పరీక్ష ఎట్లు జరుగును?

మేఘములలో కేవలము పరికరములను నమ్మి ఎగురు విమానములకు అమెరికా నియమము 24 నెలలకొకసారి ఆల్టిమీటరు, నిశ్చల పీడన వ్యవస్థల పరీక్షను విధించుచున్నది. పరీక్ష సులభమైనదే. గొట్టపు వ్యవస్థలోని గాలిని పంపుతో కొంత తీసివేసి, విమానము నేలమీద ఉండగనే ఆల్టిమీటరు 1,000 అడుగులు ఎక్కువ చూపునట్లు చేయుదురు. పంపును ఆపి ఒక నిమిషము వేచియుందురు. లీకున్నచో గాలి చొరబడి ముల్లు దిగసాగును. పీడనముతో మూయబడని చిన్న విమానమునకు ఆ తగ్గుదల 100 అడుగులకు మించరాదు.

మన దేశమున ఈ బాధ్యత పౌర విమానయాన డైరెక్టరేటు జనరలుది. 1934నాటి చట్టమునకు బదులు భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అను చట్టము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

నియమమే సర్వమును కాపాడదని 2018 జూలై 18నాటి సంఘటన తెలుపును. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ విమానాశ్రయమున కందిరీగల బెడద ఎక్కువ గనుక నిలిచియున్న విమానముల పిటో గొట్టములకు తొడుగులు వేయుదురు. ఆ రాత్రి ఒక మలేషియా విమానము మూడు తొడుగులను తీయకుండగనే ఆకాశమునకు లేచినది. పిటో గొట్టములనుండి నమ్మదగిన వేగసూచన లేకున్నను సిబ్బంది విమానమును సురక్షితముగా దింపగలిగిరి. ప్రమాదమును నివారించుటకు వేసిన తొడుగే ప్రమాదమును తెచ్చెను. తొడుగు వేయవలెనను నియమమునకు తోడుగా, తీసిరా లేదా యని చూచు మనిషి ఉండవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక గాజు గొట్టమును లంబముగా వంచి, కాలువ ఒడ్డున మెల్లగా పారు నీటిలో ప్రవాహమునకు ఎదురుగా ఉంచి, నీరు లేచిన ఎత్తును కొలిచి వేగమును లెక్కింపవచ్చును. పిమ్మట నీట మునిగిన నోటిని బంకమట్టితో మూసి, గొట్టమును కొంచెము నీటివేగము తక్కువగానున్న చోటికి జరిపినచో, లోపలి మట్టము కదలక పాత వేగమునే చూపుచుండును. ఆకాశములోని వైమానికునికి కనబడిన అంకె ఎటువంటిదో అప్పుడు విద్యార్థులు తమంతట తామే గ్రహింపగలరు.