తరగతి గది గ్రాంటు

అమెరికాలో ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు తమ తరగతిలో చేయదలచిన ఒక ప్రత్యేకమైన పని కోసం స్థానిక విద్యా ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టి తెచ్చుకునే చిన్న మొత్తం. ‘మినీ గ్రాంటు’ అని కూడా అంటారు. సాధారణంగా కొన్ని వందల డాలర్ల నుంచి కొన్ని వేల డాలర్ల దాకా ఉంటుంది. ఫౌండేషన్ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే పాలనా విభాగానికి) తోడుగా నడిచే సంస్థే గాని అందులో భాగం కాదు. ఆదాయపు పన్ను చట్టం 501(సి)(3) సెక్షన్ కింద గుర్తింపు పొందిన, లాభాపేక్ష లేని సంస్థ అది. దానికి సొంత బోర్డు, సొంత ఖాతా ఉంటాయి. పేరెంట్ టీచర్ సంఘం మామూలుగా ఒక్క బడి కోసం పనిచేస్తే, ఫౌండేషన్ డిస్ట్రిక్ట్‌లోని బడులన్నిటికీ పనిచేస్తుంది. ఊళ్లోని వ్యాపారులు, తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు దీనికి దాతలు. గ్రాంటు చిన్నదే. కానీ ప్రభుత్వ బడికి డబ్బు ఎవరు పెట్టాలి అన్న పెద్ద తగాదాలోంచి పుట్టింది కనుక దీని చరిత్ర తెలుసుకోదగ్గది.

నేపథ్యం

అమెరికాలో బడుల ఖర్చులో పెద్ద భాగం చాలాకాలం స్థానిక ఆస్తి పన్ను నుంచే వచ్చేది. ఇళ్లకు, స్థలాలకు ధర ఎక్కువ పలికే ఊరికి తక్కువ రేటుతోనే బోలెడు పన్ను వసూలయ్యేది. పేద ఊరు ఎంత ఎక్కువ రేటు వేసుకున్నా అంత రాబట్టలేకపోయేది. లాస్ ఏంజెలిస్ కౌంటీలోని రెండు ఊళ్ల లెక్క ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1968-69లో బాల్డ్విన్ పార్క్ ప్రజలు ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకు 5.48 డాలర్ల బడి పన్ను కట్టారు. అక్కడ ఒక్కో విద్యార్థిపై పెట్టిన ఖర్చు 577 డాలర్లు. బెవర్లీ హిల్స్ వాళ్లు కట్టింది 2.38 డాలర్లే, అయినా ఒక్కో విద్యార్థికి 1,232 డాలర్లు దక్కాయి. సెరానో వర్సెస్ ప్రీస్ట్ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1971లో ఈ అంకెలనే తీర్పులో చూపి, పిల్లవాడి చదువు పొరుగువాళ్ల ఆస్తి మీద ఆధారపడటం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. 1976లో రెండోసారి విచారణకు వచ్చినప్పుడూ అదే నిలిచింది. డిస్ట్రిక్టుల మధ్య తేడా తగ్గించే పని రాష్ట్ర ప్రభుత్వం మీద పడింది.

రెండేళ్లు తిరగకుండానే, 1978 జూన్ 6న, కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 13ను గెలిపించారు. ఆస్తి పన్ను విలువలో ఒక శాతం దాటకూడదు, లెక్కలో ఆ విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగకూడదు అన్నది దాని సారం. కోర్టు తీర్పు, ఓటర్ల తీర్పు కలిసేసరికి, ఒక ఊరు తన పిల్లల కోసం తానే పన్ను పెంచుకునే దారి దాదాపు మూసుకుపోయింది. వేసవి తరగతులు, సంగీతం, చిత్రలేఖనం, గ్రంథాలయ సిబ్బంది లాంటివే ముందుగా కోతకు గురయ్యాయి. మసాచుసెట్స్ 1980లో, ఓరెగాన్ 1990లో తమ తమ పద్ధతుల్లో ఆస్తి పన్నుకు పగ్గం వేశాయి. పన్ను రూపంలో రాని డబ్బును చందా రూపంలో తేవాలన్న ఆలోచన ఈ పరిస్థితుల్లోనే బలపడింది. విద్యా ఫౌండేషన్లు ఔదార్యం వల్ల పుట్టాయని వాటి కరపత్రాలు చెప్పుకుంటాయి. అది నిజమే, కానీ వాటిని పుట్టించిన ఒత్తిడి మాత్రం ఖాళీ ఖజానాదే.

తొలి నిధులు

శాన్‌ఫ్రాన్సిస్కో ఎడ్యుకేషన్ ఫండ్ 1979లో గ్లాడిస్ థాచర్ చొరవతో ఏర్పడింది. ఉపాధ్యాయులకు నేరుగా చిన్న గ్రాంట్లు ఇవ్వడం దాని తొలి కార్యక్రమాల్లో ఒకటి. అదే ఏడాది న్యూయార్క్ నగరంలో ఎక్సాన్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ సాయంతో ‘ఇంపాక్ట్ టూ’ మొదలైంది. కొత్త పద్ధతి కనిపెట్టిన ఉపాధ్యాయుడికి ఒక గ్రాంటు ఇచ్చేవారు. ఆ పద్ధతిని తన తరగతికి మలచుకునే మరో ఉపాధ్యాయుడికి ఇంకో గ్రాంటు ఇచ్చేవారు. మంచి పాఠం ఒక గదిలోనే ఉండిపోకూడదన్న ఈ ఏర్పాటు చాలా తెలివైనది. తర్వాతి కాలపు ఫౌండేషన్లు దీన్ని అంత గట్టిగా పట్టుకోకపోవడం విచారకరం.

1983 రెండు రకాలుగా మలుపు. ఆ ఏప్రిల్‌లో ‘ఎ నేషన్ ఎట్ రిస్క్’ నివేదిక వెలువడి, ప్రభుత్వ బడుల స్థితి దేశమంతటా చర్చకు వచ్చింది. అదే సంవత్సరం ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో పిట్స్‌బర్గ్ కేంద్రంగా, డేవిడ్ బర్గోల్జ్ నాయకత్వంలో పబ్లిక్ ఎడ్యుకేషన్ ఫండ్ ఏర్పడింది. నగరాల్లో స్థానిక విద్యా నిధులు పెట్టుకునేవాళ్లకు విత్తన ధనం, సలహా ఇవ్వడం దాని పని. బోస్టన్‌లో 1984లో ఒక బ్యాంకు తన రెండు వందల ఏళ్ల పండుగ గుర్తుగా ఇచ్చిన 15 లక్షల డాలర్లతో బోస్టన్ ప్లాన్ ఫర్ ఎక్సలెన్స్ మొదలైంది. ఈ నగర నిధులను కలిపి ఉంచిన జాతీయ సంస్థ తర్వాత పబ్లిక్ ఎడ్యుకేషన్ నెట్‌వర్క్ అనే పేరుతో నడిచి, 2012లో మూతపడింది. అప్పటికి ఫౌండేషన్ అనే రూపం మహానగరాలు దాటి శివారు పట్టణాలకు, చిన్న ఊళ్లకు పాకింది.

చిన్న గ్రాంటే ఎందుకు అంతగా నిలదొక్కుకుంది? డిస్ట్రిక్ట్ బడ్జెట్‌తో పోలిస్తే ఫౌండేషన్ చేతిలోని డబ్బు ఏ మూలకూ రాదు, జీతాలకు సరిపోదు. కానీ అదే డబ్బు ఒక టీచరుకు చేరితే, మూడు సూక్ష్మదర్శినులో, ఒక బట్టీయో, నలభై నవలల సెట్టో వస్తుంది. పైగా కేంద్ర కార్యాలయం వరసలో నిలబడకుండా, తమ ఆలోచనకు తామే డబ్బు అడగగలిగే అరుదైన అవకాశం ఉపాధ్యాయులకు ఇది. దాతలకూ తమ డబ్బు ఎక్కడికి వెళ్లిందో కంటికి కనిపిస్తుంది.

దరఖాస్తు

పద్ధతి ఊరూరికీ మారినా అస్థిపంజరం ఒకటే. సాధారణంగా బడులు తెరిచాక, శరదృతువులో పిలుపు వస్తుంది. దరఖాస్తులో పని పేరు, అవసరం, ఎంతమంది పిల్లలకు ఉపయోగం, రాష్ట్ర పాఠ్య ప్రమాణాల్లో దేనికి సంబంధించింది, కాలపట్టిక, ఫలితాన్ని ఎలా కొలుస్తారు అన్నవి రాయాలి. ప్రిన్సిపాల్ సంతకం ఉండాలి. కంప్యూటర్ సంబంధమైనదైతే డిస్ట్రిక్ట్ టెక్నాలజీ విభాగం ముందే ఒప్పుకోవాలి.

ఎక్కువ దరఖాస్తులు తడబడేది బడ్జెట్ పట్టిక దగ్గర. వస్తువు ధర రాసి, రవాణా చార్జీ మరిచిపోతే ఆ లోటును టీచరే భరించాలి. ‘ఇతర సామగ్రి: 200 డాలర్లు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మార్కులు పోతాయి. అమ్మకందారు ఇచ్చిన కొటేషన్ జతచేసి, ఒక్కో వస్తువుకు అది ఏ పాఠంలో పనికొస్తుందో పక్కనే ఒక వాక్యం రాసినవాళ్లు నెగ్గుతారు. భోజనం, జీతాలు, మామూలు ఫర్నిచర్ లాంటివాటికి చాలా ఫౌండేషన్లు డబ్బు ఇవ్వవు. డిస్ట్రిక్ట్ ఎలాగూ ఇవ్వాల్సిన వస్తువును అడిగినా తిరస్కరిస్తాయి, ఎందుకంటే తమ డబ్బు పన్ను డబ్బుకు బదులు కాకూడదన్నది వాటి నియమం. ఈ గీత కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది. కోతల ఏడాది వస్తే మాత్రం చెరిగిపోతుంది.

అనేక చోట్ల టీచరు పేరు, బడి పేరు తీసేసి దరఖాస్తులను పరిశీలకులకు ఇస్తారు. రిటైరైన ఉపాధ్యాయులు, వ్యాపారులు, బోర్డు సభ్యులు, గతంలో గ్రాంటు అందుకున్నవాళ్లు చదివి మార్కులు వేస్తారు. విద్యాశాస్త్ర పరిభాషతో నింపిన దరఖాస్తు కంటే, పిల్లలు ఆ వస్తువుతో ఏం చేస్తారో సాదాగా చెప్పినదే హార్డ్‌వేర్ దుకాణదారుకూ అర్థమవుతుంది. ఫలితం ప్రకటించే తీరు ఒక వేడుక. ఫౌండేషన్ సభ్యులు, కొన్నిచోట్ల డిస్ట్రిక్ట్ అధిపతి అయిన సూపరింటెండెంట్ కూడా, బెలూన్లూ అట్టతో చేసిన పెద్ద చెక్కూ పట్టుకుని పాఠం మధ్యలో తరగతిలోకి వచ్చేస్తారు. అసలు చెక్కు చాలావరకు టీచరు చేతికి రాదు. కొనుగోలు బడి ద్వారానో డిస్ట్రిక్ట్ ద్వారానో జరుగుతుంది, వస్తువు బడి ఆస్తి అవుతుంది. విద్యా సంవత్సరం చివర ఖర్చు లెక్క, ఫొటోలతో నివేదిక పంపాలి. పంపనివాళ్లకు మరుసటి ఏడాది అర్హత ఉండదు.

తర్వాతి పరిణామాలు, విమర్శ

2000లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ఉపాధ్యాయుడు చార్లెస్ బెస్ట్ ‘డోనర్స్‌చూజ్’ ప్రారంభించాక, టీచరు అవసరాన్ని దేశంలో ఎక్కడున్నవాళ్లయినా ఇంటర్నెట్‌లో చూసి తీర్చే వీలు కలిగింది. అయినా టీచర్ల సొంత ఖర్చు ఆగలేదు. జాతీయ విద్యా గణాంక కేంద్రం సర్వే ప్రకారం 2014-15లో ప్రభుత్వ బడి ఉపాధ్యాయుల్లో 94 శాతం మంది తరగతి సామగ్రికి సొంత డబ్బు పెట్టారు. అలా పెట్టినవాళ్ల సగటు 479 డాలర్లు. ఈ ఖర్చుకు ఆదాయపు పన్నులో 2002 నుంచి 250 డాలర్ల దాకా మినహాయింపు ఉంది, 2022లో దాన్ని 300 చేశారు.

అసలు విమర్శ వేరే. సెరానో తీర్పు ముందు తలుపు నుంచి పంపేసిన అసమానత చందాల రూపంలో వెనక తలుపు నుంచి వచ్చింది. ఉన్నవాళ్ల ఊళ్లో ఫౌండేషన్ లక్షల డాలర్లు పోగుచేస్తుంది, పేద ఊళ్లో బోర్డు నడిపే తీరిక కూడా ఎవరికీ ఉండదు. పోర్ట్‌లాండ్ (ఓరెగాన్) డిస్ట్రిక్ట్‌లో ఒక్కో బడి వసూలు చేసిన దాంట్లో తొలి 10,000 డాలర్లు పోను, మిగతా దానిలో మూడో వంతు ఉమ్మడి నిధికి చేర్చే పద్ధతి ఏళ్ల తరబడి నడిచింది. శాంటా మోనికా-మాలిబు డిస్ట్రిక్ట్ 2011లో సిబ్బంది కోసం చేసే చందాలను ఉమ్మడి చేయాలని నిర్ణయిస్తే మాలిబు తల్లిదండ్రులు తీవ్రంగా వ్యతిరేకించారు. డబ్బు ఇచ్చేవాడు తన పిల్లవాడి బడికే ఇస్తానంటాడు. ప్రభుత్వ బడి అందరిదీ. ఈ రెంటికీ పొత్తు కుదర్చడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

తెలుగు రాష్ట్రాలతో పోలిక

అమెరికాలో కూపర్టినో, ఫ్రీమాంట్, ఫ్రిస్కో వంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ ఫౌండేషన్ల చందా పిలుపులు పరిచయమే. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల దారి వేరు. సర్వశిక్షా అభియాన్ కాలంలో ప్రతి ఉపాధ్యాయుడికీ బోధనాభ్యసన సామగ్రి (టీఎల్‌ఎం) కోసం ఏడాదికి 500 రూపాయలు వచ్చేవి. చార్టులు, స్కెచ్ పెన్నులు, అట్టలు కొని మెరుపు అట్టలు తయారుచేసి టీఎల్‌ఎం మేళాల్లో పెట్టేవారు. పోటీ లేదు, దరఖాస్తు లేదు, కొండమీది ఏకోపాధ్యాయ పాఠశాల టీచరుకూ పట్నం బడి టీచరుకూ అదే మొత్తం. 2018-19 నుంచి సమగ్ర శిక్ష కింద విద్యార్థుల సంఖ్యను బట్టి లక్ష రూపాయల దాకా ఉమ్మడి పాఠశాల గ్రాంటు వస్తోంది. సమానత్వంలో ఇది అమెరికా పద్ధతి కంటే మేలు. కాకపోతే ఆ డబ్బులోంచే సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరమ్మతులు, పారిశుద్ధ్యం అన్నీ సర్దాలి. ఫలానా పాఠం ఇలా చెప్పి చూస్తానని ఒక టీచరు అడగడానికీ, ఆ ఆలోచనను ఎవరైనా కూర్చుని చదవడానికీ అందులో చోటు లేదు.