వై లోయ అందం ఎవరి చేతిపని?

ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలలో వర్డ్స్‌వర్త్‌ను చదువుకున్న మనవాళ్ళకు టింటర్న్ అనగానే ఏకాంతమైన నదీతీరం, మనసుకు శాంతినిచ్చే పచ్చదనం గుర్తుకొస్తాయి. మన భావకవిత్వం కూడా ప్రకృతిని చూసే పద్ధతిని కొంతవరకు ఆయన తరం నుంచే అందుకున్నది. అయితే ఆ కవిత వెలువడిన 1798 నాటికే టింటర్న్‌లో ఇనుప పరిశ్రమకు రెండువందల ముప్పై ఏళ్ళు దాటాయి! పాఠంలో ఈ సంగతికి చోటుండదు.

వై నది వేల్స్ కొండలలో పుట్టి, చివరి మైళ్ళలో వేల్స్‌కూ ఇంగ్లండుకూ సరిహద్దుగా సాగి, చెప్‌స్టో దిగువన సెవర్న్‌లో కలుస్తుంది. తూర్పున డీన్ అడవి, అందులో ఇనుప ఖనిజం. పడమట, వేల్స్ వైపు, టింటర్న్ ఊరు. అక్కడ 1131లో సిస్టర్షియన్ సన్యాసులు మఠం స్థాపించారు. 1536లో ఎనిమిదవ హెన్రీ దాన్ని రద్దు చేశాడు. భూములు వుస్టర్ ప్రభువు పాలయ్యాయి, కప్పుమీది సీసం ఊడిపోయింది. సరిగ్గా ముప్పై ఏళ్ళకు, 1566లో, పక్కనున్న అంగిడి వాగు నీటిబలంతో ఇనుప తీగ లాగే కార్ఖానా వెలిసింది. పని తెలిసిన జర్మన్లను రప్పించారు. ఆ తీగతో ఉన్ని ఏకే పలకలకు పళ్ళు చేసేవారు. అంటే ఇంగ్లండు సంపదకు ఆధారమైన ఉన్ని బట్టల వ్యాపారానికి ఈ 'మారుమూల' లోయ ఒక పనిముట్ల కొట్టు. దాన్ని నడిపిన కంపెనీకి 1568లో రాజశాసనం లభించింది. వాటాదారుల కంపెనీలలో అది తొలితరానిది.

ఇక అడవి సంగతి. కొలిమికి కట్టెబొగ్గు కావాలి. అందుకోసం చెట్టును మొదలంటా నరికి, మోడు నుంచి చిగుళ్ళు రానిచ్చి, పదిహేను ఇరవై ఏళ్ళకు మళ్ళీ నరికేవారు. ఓక్ బెరడు తోళ్ళు ఊనేవారికి పోయేది. ఆ వాలుల మీద అడవికి గిరాకీ ఉన్నంతకాలం యజమాని దాన్ని కొట్టి పొలం చెయ్యలేదు. పరిశ్రమ అడవిని మింగిందనే మాట ఇక్కడ సగమే నిజం. ఈనాడు యాత్రికుడు ఆదిమారణ్యమనుకుని పరవశించే చెట్లలో చాలా భాగం తరతరాల కూలీల గొడ్డలి కింద పెరిగినవే. యజమానిది ప్రకృతి ప్రేమ కాదు, లాభం. కాని ఫలితం మాత్రం నిలిచింది.

ఈ శ్రమ కళ్ళముందు నుంచి ఎలా మాయమైంది? 1770లో విలియం గిల్పిన్ అనే మతాచార్యుడు పడవమీద ఈ నదిలో ప్రయాణించి, 1782లో పుస్తకం ప్రకటించాడు. బొగ్గుబట్టీల పొగ కొండల గీతలను మెత్తబరిచే పలుచని తెరలాగా ఉందని మెచ్చుకున్నాడు. మఠం గోడల త్రికోణపు కొనలు మరీ తిన్నగా ఉన్నాయి, సుత్తితో కాస్త విరగ్గొడితే బాగుంటుందన్నాడు. శిథిలాలలో గుడిసెలు వేసుకున్న బిచ్చగాళ్ళనూ చూశాడు. పక్షవాతంతో కాళ్ళీడ్చుకుంటూ ఒక ముసలామె సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని తీసుకువెళ్ళి, చివరికి చూపించింది తన సొంత నివాసాన్ని, చెమ్మగిల్లిన ఒక గదిని. గిల్పిన్ నిజాయితీపరుడు, రాశాడు. ఆయన పుస్తకం పట్టుకుని వచ్చిన షోకిలాలకు మాత్రం కొండల గీతలే మిగిలాయి.

వర్డ్స్‌వర్త్ కవిత శీర్షికలో మఠం ఉంది, కవితలో లేదు. చెట్ల నడుమ లేచే పొగ ఉంది. అది దిమ్మరులదో, గుహలోని మునిదో అని కవి ఊహిస్తాడు. బొగ్గు కాల్చేవాడు ఆ ఊహలోకి రాడు. 1986లో మార్జొరీ లెవిన్సన్ ఈ మరుగుపరచడం మీదే గట్టి విమర్శ రాసింది. అందులో బలముంది. కాని కవిమీద నేరపత్రం దాఖలు చేస్తే సరిపోదు. పొగను చూసి ఇది ఎవరిదని అడిగినవాడైనా ఆయనే కదా. జవాబును ఆ వర్గపు చూపు అడ్డగించింది.

ఆ తరువాత బండరాతి బొగ్గు, కోకు వచ్చి కట్టెబొగ్గు కొలుములను వెనక్కి నెట్టాయి. 1876లో రైలు వచ్చింది. తీగ కార్ఖానాకు నదిమీద వంతెనతో వేరే దారి వేశారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికే ఆ పని అడుగంటింది. రైలులో ప్రయాణికులకు 1959లో తెరపడింది. ఎగువన రెడ్‌బ్రుక్ తగరపు రేకుల కార్ఖానా 1961లో మూతపడింది. పదేళ్ళకు, 1971లో, ప్రభుత్వం ఈ లోయను విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించింది. ఈ వరుస గమనించదగ్గది: కార్మికుడు వెళ్ళిపోయాక సౌందర్యం చట్టమైంది. అంగిడి ఒడ్డున పాత కొలిమిని తవ్వి కాపాడిన మాట నిజమే, అది మంచి పని. కార్ఖానా వంతెన మీద ఇప్పుడు షికారుకొచ్చినవాళ్ళు నడుస్తున్నారు.

పరిశ్రమ మాత్రం పోలేదు, రూపం మార్చింది. ఈ నది పరీవాహకంలో నేడు సుమారు రెండు కోట్ల కోళ్ళు పెరుగుతున్నాయని అంచనా. ఆ షెడ్లలో ఎక్కువ భాగం ఎగువన, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పొలాలలో, యాత్రికుల కంటపడని చోట ఉన్నాయి. పెంట పొలాలకెక్కి, అందులోని భాస్వరం వాననీటితో నదిలోకి దిగుతోంది. వేసవిలో నాచు పేరుకుని నీరు ఆకుపచ్చగా మారుతోంది, చేపలకు ఆశ్రయమిచ్చే నీటిమొక్కలు చచ్చిపోతున్నాయి. 2023లో ఇంగ్లండు ప్రకృతి పరిరక్షణ సంస్థ ఈ నది స్థితిని 'కోలుకుంటున్నది' అనే తరగతి నుంచి 'క్షీణిస్తున్నది' అనే తరగతికి దించింది.