ఇంటి గుత్త: ధర, పూచీ

ఇల్లు కట్టాలనుకున్న మనిషి మేస్త్రీని పిలిపించి అడిగే మొదటి మాట ఒకటే. "చదరానికి ఎంత తీసుకుంటావు?" మన బళ్లారి వైపు చదరం అంటే వంద చదరపు అడుగులు. మేస్త్రీ తల గోక్కొని ఒక అంకె చెబుతాడు, మనం కొంత తగ్గిస్తాం. ఆ అంకె కుదిరిందంటే తాంబూలాలు పుచ్చుకున్నట్టే. గోడ బీటవేస్తే ఎవరు బాగుచేయాలి, నడుమ సిమెంటు ధర పెరిగితే ఎవరు భరించాలి, ఈ మాటలు ఎత్తడం అపశకునంగా భావిస్తాం. ధర మాట్లాడుకుంటాం, పూచీ మాట్లాడుకోం. చరిత్ర తిరగేస్తే మాత్రం ఈ రెంటినీ పక్కపక్కనే రాసుకున్న కాలాలు కనిపిస్తాయి.

అన్నిటికన్నా పాత సాక్ష్యాలలో ఒకటి బాబిలోను రాజు హమ్మురాబి శాసనం. సుమారు 3750 ఏళ్ల నాటిది. నల్లరాతి స్తంభం మీద చెక్కించిన ఆ శాసనం ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉంది. అందులో ఇల్లు కట్టేవాడికి కూలి నిర్ణయించారు. 'సార్' అనే కొలతకు రెండు షెకెల్‌ల వెండి. సార్ అంటే సుమారు 36 చదరపు మీటర్లు, మన లెక్కలో నాలుగు చదరాలకు కాస్త తక్కువ. షెకెల్ అంటే ఎనిమిది గ్రాముల పైచిలుకు. అంటే చదరానికి ఇంత అనే బేరం ఆనాటికే ఉంది! ఆ వెంటనే పూచీ వస్తుంది. కట్టడం గట్టిగా లేక ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణదండన. సామాను పాడైతే దాని విలువ ఇచ్చి, సొంత ఖర్చుతో ఇల్లు మళ్లీ కట్టాలి. పని పూర్తి కాకముందే గోడ ఒరిగినా తన డబ్బుతోనే దాన్ని నిలబెట్టాలి. మరణదండన మాట అటుంచండి. ధర చెప్పిన నోటితోనే పూచీ కూడా చెప్పడం, అదీ గమనించవలసింది.

అంచనా దాటిపోయే ఖర్చు సంగతి రోమన్ రచయిత విట్రూవియస్ ప్రస్తావించాడు. ఆయన క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దం వాడు. ఎఫెసస్ నగరంలో ఒక పాత చట్టం ఉండేదట. ప్రభుత్వ కట్టడం ఒప్పుకున్న శిల్పి ముందుగా ఖర్చు ఎంతో చెప్పాలి. పని ముగిసేదాకా అతని ఆస్తి అధికారి దగ్గర తాకట్టులో ఉంటుంది. చెప్పిన ఖర్చులోనే ముగిస్తే సన్మానం. నాలుగో వంతుకు మించకుండా పెరిగితే ఆ పెరిగింది ఖజానా ఇస్తుంది. అంతకు మించితే శిల్పి ఆస్తి నుంచే రాబడతారు. ఇలాంటి చట్టం రోములో సొంత ఇళ్లకు కూడా ఉంటే ఎంత బాగుండునని విట్రూవియస్ వాపోయాడు. అంటే రోములోనూ మనలాగే బాధపడ్డవాళ్లు ఉన్నారన్నమాట. మన కౌటిల్యుడు కూడా అర్థశాస్త్రంలో చేతిపనివారి గురించి ఈ సంగతి ముట్టుకున్నాడు. చోటు, గడువు, పని ముందే ఖాయం చేసుకోవాలన్నాడు. గడువు దాటితే కూలిలో నాలుగో వంతు కోత, దానికి రెండింతలు జరిమానా. చెప్పింది ఒకటి, చేసింది మరొకటి అయితే మొత్తం కూలి పోతుంది.

ఇక మన తెలుగు ఊరి దగ్గరికే వద్దాం. గోదావరి ఒడ్డున యానాం ఉంది. చుట్టూ ఇంగ్లీషువారి గోదావరి జిల్లా, నడుమ ఫ్రెంచివారి చిన్న పట్టణం. నెపోలియన్ కాలంలో, 1804లో వచ్చిన ఫ్రెంచి పౌరస్మృతిని 1819లో వారి ఇండియా స్థావరాల్లోనూ అమలులో పెట్టారు. పెళ్లి, వారసత్వం వంటి వాటిలో స్థానికుల ఆచారాలను గుర్తించారు. ఆ స్మృతిలో 1792, 1793 అని రెండు నిబంధనలు ఉన్నాయి. (హమ్మురాబి గద్దెనెక్కింది క్రీస్తు పూర్వం 1792లో అని చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క. యాదృచ్ఛికమే అయినా లెక్కల మాస్టారికి ఇలాంటివి కంటబడక మానవు.)

మొదటి నిబంధన ఇది. గుత్త ధరకు కట్టిన కట్టడం నిర్మాణ దోషం వల్ల గాని, చివరికి నేల దోషం వల్ల గాని దెబ్బతింటే పదేళ్ల దాకా కట్టినవాడిదే బాధ్యత. నేల మెత్తనిదని మాకేం తెలుసు అనే మాట చెల్లదు. తెలుసుకోవడం నీ పని అంటుంది చట్టం. రెండోది ఇంకా ముచ్చటైనది. నక్షా చూసుకొని, స్థలం యజమానితో గుత్తకు ఒప్పుకున్నాక కూలీలు పెరిగాయి, సామాను పెరిగింది అని ఎక్కువ అడగడానికి లేదు. నక్షా మార్చాం, అదనంగా కట్టాం అన్నా అడగడానికి లేదు. ఆ మార్పుకు యజమాని రాతపూర్వకంగా ఒప్పుకొని, దాని ధర కూడా ఖాయమై ఉంటే తప్ప!

యానాం ఎల్ల దాటితే సంగతి వేరు. ఇంగ్లీషువారి ఇండియాలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం వచ్చింది. మాట తప్పితే నష్టపరిహారం అన్నది అందులో ఉంది. ఇల్లు కట్టినవాడికి పదేళ్ల పూచీ అన్నది మాత్రం లేదు. ఒప్పందంలో ఏం రాసుకుంటే అదే దక్కుతుంది, రాసుకోనిది నిరూపించుకోవాలి. ప్రభుత్వం తనవరకు తాను జాగ్రత్తపడింది. పబ్లిక్ వర్క్స్ శాఖకు రేట్ల పట్టిక ఉంది, జరిగిన పని కొలిచి రాసే కొలతల పుస్తకం ఉంది. కొలిచినదానికే బిల్లు. అందులోనూ కొంత డిపాజిట్టుగా అట్టిపెట్టుకొని, పని అయి కొన్నాళ్లు గడిచాకే వదులుతుంది. వంతెన కట్టించే సర్కారుకు ఇన్ని కట్టుదిట్టాలు. పుట్టెడు అప్పు చేసి ఇల్లు కట్టుకునే గుమాస్తాకు మాత్రం మేస్త్రీ మాటే ఆధారం.

మన తాతల కాలంలో ఇది పెద్ద చిక్కు కాలేదు. కారణం నీతి ఒక్కటే కాదు, లెక్క కూడా. చవుడు మిద్దె కట్టేటప్పుడు రాయి, దూలాలు, సున్నం యజమానే తెచ్చేవాడు. సున్నం, ఇసుక ఎడ్ల గానుగలో నూరించేవాడు. మేస్త్రీకి దినకూలి. సున్నం తక్కువ వేస్తే అతనికి ఒక్క కాసూ మిగిలేది కాదు. పని సాగదీస్తాడన్నదే భయం. సామానుతో కలిపి గుత్తకిచ్చే పద్ధతి వచ్చాక లెక్క తలకిందులైంది. ఇప్పుడు పని త్వరగా ముగుస్తుంది. కానీ మిగిలిన ప్రతి సిమెంటు బస్తా గుత్తదారుడి లాభమే. ఒకటికి ఆరు పాళ్ల ఇసుక అని చెప్పి ఒకటికి తొమ్మిది కలిపితే, పూత పూశాక కనిపెట్టేదెవరు? నీళ్లు పట్టడం కూడా అంతే. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం ఏడు రోజులు, పోజొలానా రకమైతే పది రోజులు తడిగా ఉంచాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఎండలు మండే మన ప్రాంతంలో మూడో రోజే పైపు చుట్టేస్తే ఆ కూలీ మిగులుతుంది, శ్లాబు బలం పోతుంది. అందుకే రెండు అంకెల్లో తక్కువది చౌక అనుకోవడానికి లేదు. ఒకరి చదరంలో నీళ్ల తొట్టి, ప్రహరీ కలిసి ఉంటాయి, మరొకరి చదరంలో ఉండవు.

మా ఇల్లు కట్టేటప్పుడు లోపలి మెట్లు బయటికి మార్చమన్నాను. "దాందేముంది సార్, చూసుకుందాం లెండి" అన్నాడు మేస్త్రీ. నేనూ సరేనన్నాను. చివర లెక్కలో ఆ మెట్లు పర్వతమై కూర్చున్నాయి. రాత లేదు. వారం రోజులు మాటా మాటా అనుకొని సగం సగం పంచుకున్నాం. ఆ 1793వ నిబంధన సంగతి నేను చదివింది ఆ తర్వాత. కన్నడంలో గుత్తిగె, తెలుగులో గుత్త, రెండు భాషల్లోనూ పాఠం చెప్పే నాకు రెండు భాషల్లోనూ ఒక్క కాగితం రాయాలని తోచలేదు.

ఇప్పుడు మనకూ కొంత రక్షణ ఉంది. 1986 నాటి వినియోగదారుల చట్టంలో ఇళ్ల నిర్మాణాన్ని 'సేవ'గా 1993లో చేర్చారు. అదే ఏడు నవంబరులో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి స్థిరపరచింది. ఇప్పుడున్నది 2019 చట్టం. దాని కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం కట్టడపు లోపాలకు అయిదేళ్ల పూచీ పెట్టింది. కానీ అది ఇళ్లు కట్టి అమ్మేవారికి. మన స్థలంలో మనం పెట్టుకున్న మేస్త్రీకి అది వర్తించదు. అతనితో పూచీ కావాలంటే ఈనాటికీ మనమే రాసుకోవాలి. ఏ కొలత లెక్కలోకి వస్తుంది, ఏది రాదు, పాళ్లు ఎంత, ఏ దశకు ఎంత డబ్బు, ఒక వానాకాలం గడిచేదాకా ఎంత ఆపాలి, మార్పు వస్తే ముందు ధర, తర్వాత పని.

మూడేళ్ల తర్వాత మిద్దెపైన ఒక గది వేయించాను. అదే మేస్త్రీ. ఈసారి రెండు పేజీలు రాసి ముందు పెట్టాను. నొచ్చుకుంటాడనుకున్నాను. నిదానంగా చదివించుకొని, "ఇనుము ధర పెరిగితే ఎవరిదో కూడా రాయండి సార్" అన్నాడు. మునుపు ఒక ఇంటివాళ్లు ఆఖరి కంతు ఎగవేశారట. ఆ వాక్యం చేర్చాను. సంతకం చేసి, "నాకూ ఒక కాపీ ఇప్పించండి" అని అడిగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.