బస్తర్ చెంద్రూ, అతని పులి

మన సంచికలో మిత్రులు ఎక్కువగా యుద్ధాల గురించి రాస్తారు. నేను సర్వీసు చాలావరకు కుక్కలతో గడిపిన హ్యాండ్లర్ని. అందుకని ఈసారి ఒక పులి, ఒక కుర్రవాడి చరిత్ర రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

బస్తర్ మనకి పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వచ్చి ఇక్కడ రాజ్యం పెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంది. ఇంద్రావతి మన గోదావరిలోనే కలుస్తుంది. బైలాడిలా గనుల్లో మన తెలుగువాళ్ళు ఎంతమందో! రిటైరయ్యాక అక్కడ మా బావమరిది ఇంటికి వెళ్ళినప్పుడే చెంద్రూ పేరు మొదటిసారి విన్నాను.

చెంద్రూ మండావి మురియా గోండు. ఊరు నారాయణపూర్ దగ్గర గఢ్ బెంగాల్. అడవి నుంచి ఇంటికి తెచ్చిన పులికూనతో కలిసి పెరిగాడని అక్కడివాళ్ళు చెబుతారు. పులి పేరు టెంబు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సక్స్‌డార్ఫ్, అప్పటికే 1949లో ఆస్కార్ అందుకున్నవాడు, బస్తర్ వచ్చి ఆ పిల్లవాడినే పెట్టి సినిమా తీశాడు. 1957లో విడుదలైంది. సంగీతం మన పండిట్ రవిశంకర్. 1958లో కాన్ పోటీకి కూడా వెళ్ళింది. దర్శకుడి భార్య ఆస్ట్రిడ్ చెంద్రూ మీద ఫొటోలతో పుస్తకం వేసింది. కుర్రవాణ్ణి స్వీడన్ కూడా తీసుకెళ్ళారు.

ఆ ఫొటోలు చూసినవాళ్ళు "వీడికి పులి భాష వచ్చు" అంటారు. నాకు మాత్రం వేరే తోచింది. పులి భాష కుర్రవాడికి వచ్చో రాదో గాని, కుర్రవాడి ఒళ్ళు పులికి బాగా అర్థమైంది.

ఎందుకంటున్నానంటే, కశ్మీర్‌లో నా దగ్గర రోమీ అనే లాబ్రడార్ ఉండేది. తెల్లవారుజామున కాన్వాయ్ కదలకముందే రోడ్డు వెతకాలి. పేలుడు పదార్థం వాసన తగిలితే చప్పుడు చేయకుండా కూర్చుంటుంది, అంతే. ఒకరోజు అమ్మకి బాగాలేదని కబురొచ్చింది. ఎవరికీ చెప్పకుండా లీష్ పట్టుకుని డ్యూటీకి దిగాను. రోమీ పది అడుగులకోసారి వెనక్కి తిరిగి నన్ను చూడటం, ఏమీలేని చోట కూర్చోవడం. మా ఉస్తాద్ ఆపేసి, "కుక్కకి ఏం కాలేదు. నీకేమైంది?" అన్నాడు. ఆ రోజు నన్ను పక్కనపెట్టి వేరే జోడీని పంపాడు. నా వెనక ముప్ఫై మంది నడుస్తున్నారు మరి! రోమీ ఏమీ లేనిచోట కూర్చున్నట్టే ఉన్నచోట దాటిపోతే?

ఇది మంత్రం కాదు. జర్మనీలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పెద్ద పేరుండేది. ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1907లో తేల్చాడు. ఎదురుగా ఉన్న మనిషి తనకే తెలియకుండా చేసే చిన్న తల కదలిక చూసి అది డెక్క కొట్టడం ఆపుతోందట. అంటే లెక్క రాకపోయినా మనిషిని చదవడం వచ్చన్నమాట. లీష్ ద్వారా నా చెయ్యి బిగుసుకోవడం, ఊపిరి, చెమట వాసన, అన్నీ రోమీకి చేరాయి. చెంద్రూ పుట్టి పెరిగిన చోటులో భయం లేకపోవడమే పులికి చేరి ఉంటుంది. అలాగని మన పిల్లలెవరూ పులితో ప్రయత్నించకూడదు సుమా!

స్వీడన్ నుంచి వచ్చాక చెంద్రూ జీవితం గఢ్ బెంగాల్‌లోనే, పేదరికంలోనే గడిచింది. ఎప్పుడైనా విలేకరులు వచ్చి ఫొటో తీసుకుని పోయేవారు. 2013 సెప్టెంబరులో జగదల్‌పూర్ ఆసుపత్రిలో పోయాడు. తర్వాత నయా రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో పులితో అతని విగ్రహం పెట్టారు.

నేను ఆ విగ్రహం ముందు నిలబడినప్పుడు రోమీని అప్పజెప్పిన రోజు గుర్తొచ్చింది. పోస్టింగ్ వచ్చింది, లీష్ కొత్త కుర్రాడి చేతిలో పెట్టాను. వెనక్కి చూడకు, చూస్తే అది కదలదు అని ఉస్తాద్ ముందే చెప్పాడు. చూడకుండానే బండెక్కాను. రోమీ రెండు రోజులు అన్నం ముట్టలేదని తర్వాత ఆ కుర్రాడే ఉత్తరం రాశాడు.