ద్రోగ్బాని బయటికి పిలిచిన రెండు రాత్రులు

మా పెదనాన్నగారబ్బాయి దగ్గర గుస్ హిడ్డింక్ పేరెత్తకూడదు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, బీపీ కూడా వచ్చింది. అయినా 2009 మే 6 రాత్రి సంగతి ఎవరైనా కదిపితే చాలు, “అసలు ద్రోగ్బాని ఎందుకు తీశాడ్రా?” అని మొదలెడతాడు. ఆ ప్రశ్న వయసు పదిహేనేళ్ళు దాటింది. చిన్నప్పట్నించీ అన్నయ్యకి వంత పాడుతూ వచ్చినవాణ్ణి నేనే. ఈ మధ్యే నాకొక అనుమానం మొదలైంది.

ముందు కాస్త పాత కథ. ఆటగాణ్ణి మార్చడం ఫుట్‌బాల్లో మొదట్నించీ ఉన్నది కాదు. ఇంగ్లీషు లీగ్‌లో 1965 ఆగస్టులో మొదలైంది, అదీ ఎవరికైనా దెబ్బ తగిలితేనే. చార్ల్టన్ ఆటగాడు కీత్ పీకాక్ అలా లోపలికొచ్చిన మొదటివాడు. ఆ తర్వాత ఏ కారణానికైనా మార్చుకోవచ్చన్నారు. ప్రపంచ కప్‌కి ఆ పద్ధతి 1970లో వచ్చింది. అంటే “వాణ్ణి తీసెయ్, వీణ్ణి దింపు” అని అభిమానులు అరవడానికి ఓ అరవై ఏళ్ళ చరిత్రే ఉంది. అంతకుముందు ఓడిపోతే ఆటగాళ్ళనో, రిఫరీనో, వర్షాన్నో తిట్టుకునేవాళ్ళు. మార్పులొచ్చాక తిట్టడానికి మేనేజర్ దొరికాడు.

ఆ మేనేజర్ తాత్కాలికం అయితే మరీ సులువు. సీజన్ మధ్యలో అసలు మేనేజర్ని పీకేస్తారు, మే నెల దాకా నెట్టుకురమ్మని ఇంకొకర్ని కూర్చోబెడతారు. అబ్రమోవిచ్ చేతిలో ఉన్నన్నాళ్ళూ చెల్సీలో ఇది మామూలు వ్యవహారం. 2009 ఫిబ్రవరిలో స్కొలారిని పంపేసి హిడ్డింక్‌ని తెచ్చారు. ఆయన అప్పటికే రష్యా జట్టు కోచ్. రెండు పడవల మీద కాళ్ళన్నమాట.

ఇక ఆ రాత్రి. ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్, లండన్‌లో, ఎదురుగా బార్సిలోనా. మొదటి మ్యాచ్ 0-0. ఇక్కడ 9వ నిమిషంలోనే ఎసియెన్ గోల్ కొట్టాడు. 66వ నిమిషంలో బార్సిలోనా డిఫెండర్ అబిదాల్‌కి రెడ్ కార్డ్. చెల్సీకి పదకొండు మంది, వాళ్ళకి పది, పైగా 1-0 ఆధిక్యం. 72వ నిమిషంలో హిడ్డింక్ ద్రోగ్బాని పిలిచేసి బెల్లెట్టిని దింపాడు. ముందుండే స్ట్రైకర్ని తీసి, వెనక కాపలాకి మనిషిని పెట్టాడన్నమాట.

తర్వాత ఇరవై నిమిషాలు ఏ గొడవా లేదు. బార్సిలోనా దగ్గర బంతి ఉందే గానీ, గోల్‌కీపర్ చెక్‌కి పెద్దగా పని పడలేదు. 90 దాటి మూడో నిమిషంలో ఎసియెన్ బంతిని సరిగ్గా తన్నలేకపోయాడు. అది మెస్సీకి చేరింది, మెస్సీ ఇనియెస్తాకి ఇచ్చాడు, ఇనియెస్తా పెనాల్టీ బాక్స్ అంచు నుంచి లాగి కొట్టాడు. 1-1. బయటి మైదానంలో కొట్టిన గోల్‌కి విలువెక్కువ అనే రూల్ అప్పట్లో ఉండేది (2021లో తీసేశారు), కాబట్టి చెల్సీ అవుట్. రిఫరీ ఇవ్వని పెనాల్టీల గోల వేరే ఉంది. ద్రోగ్బా చెప్పులతోనే మైదానంలోకి వచ్చి కెమెరాలోకి అరిచిన దృశ్యం ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అన్నయ్య లెక్కలో మాత్రం ముద్దాయి ఒక్కడే. హిడ్డింక్.

మూడేళ్ళు ముందుకెళ్దాం. 2012 మార్చిలో విల్లాస్-బోవాస్‌ని పంపేశారు. ఆయన కింద అసిస్టెంటుగా ఉన్న రాబెర్తో ది మత్తెయో తాత్కాలిక మేనేజర్ అయ్యాడు. ఏడాది క్రితమే వెస్ట్ బ్రామ్ ఆయన్ని తీసేసింది. ఎవరికీ పెద్ద ఆశల్లేవు. నపోలీ దగ్గర 3-1తో ఓడొచ్చిన జట్టు అది. ఇంటి దగ్గర 4-1తో దాన్ని తిరగేశారు. మళ్ళీ సెమీఫైనల్, మళ్ళీ బార్సిలోనా!

ఏప్రిల్ 24, రెండో మ్యాచ్ బార్సిలోనా ఊళ్ళో. 37వ నిమిషంలో కెప్టెన్ టెరీకి రెడ్ కార్డ్. స్కోరు 2-0 అయింది, సగం ఆట ముగిసే ముందు రమిరెస్ ఒకటి కొట్టి 2-1 చేశాడు. రెండో సగంలో ద్రోగ్బా చేసిన ఫౌల్‌కి పెనాల్టీ పడితే మెస్సీ దాన్ని క్రాస్‌బార్‌కి కొట్టాడు. 80వ నిమిషంలో ది మత్తెయో ఏం చేశాడో తెలుసా? ద్రోగ్బాని బయటికి పిలిచాడు! టోరెస్‌ని దింపాడు. గోల్స్ కొట్టలేకపోతున్నాడని ఏడాదికి పైగా అందరూ నవ్వుకుంటున్న టోరెస్‌ని. ఆట చివర్లో ఆ టోరెస్ ఒక్కడే సగం మైదానం పరిగెత్తి, గోల్‌కీపర్ని తప్పించి గోల్ కొట్టాడు.

ఆ రాత్రి అన్నయ్య నన్నెత్తి గిరగిరా తిప్పాడు. నేనప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. “చూశావా బుర్రంటే అదీ!” అన్నాడు. అదే ద్రోగ్బా, అదే బార్సిలోనా. మూడేళ్ళ క్రితం తీసినవాడు మూర్ఖుడు, ఇప్పుడు తీసినవాడు మేధావి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారే, అలా ఉంది.

“రెండూ ఒకటెలా అవుతాయిరా” అంటాడు అన్నయ్య. నిజమే, ఒకటి కాదు. హిడ్డింక్ దింపింది కాపలాదారుణ్ణి, ది మత్తెయో దింపింది పరిగెత్తే ఇంకో స్ట్రైకర్ని. ఎదుటి జట్టంతా ముందుకొచ్చేసినప్పుడు ఖాళీలోకి పరిగెత్తేవాడు పనికొస్తాడు. ఈ తేడా గురించి వాదించుకుంటే అది మంచి వాదన. కానీ ఆ వాదన 72వ నిమిషంలోనూ 80వ నిమిషంలోనూ నిలబడాలి. 93వ నిమిషంలో గుర్తొచ్చేది వాదన కాదు, ఏడుపు.

మే 19 ఫైనల్ చూడండి. మ్యూనిక్‌లో, బయర్న్ సొంత మైదానంలో. టెరీ, ఇవానోవిచ్, రమిరెస్, మెయ్‌రెలెస్ నలుగురూ సస్పెన్షన్లో ఉన్నారు. ది మత్తెయో ఎడమ వైపు రయన్ బెర్ట్రండ్‌ని దింపాడు. ఆ కుర్రాడికి ఛాంపియన్స్ లీగ్‌లో అదే మొదటి మ్యాచ్! 83వ నిమిషంలో ముల్లర్ గోల్ కొట్టాడు. బయర్న్ కోచ్ హేంకెస్ వెంటనే ఆ ముల్లర్‌ని తీసేసి వాన్ బ్యుటెన్ అనే పొడుగాటి డిఫెండర్ని దింపాడు. అచ్చం హిడ్డింక్ లెక్కే. నిమిషం తిరిగీ తిరక్కుండానే, 88లో, మ్యాచ్ మొత్తానికీ చెల్సీకొచ్చిన ఒకే ఒక్క కార్నర్‌కి ద్రోగ్బా తలతో గోల్. బయర్న్‌కి వచ్చిన కార్నర్లు 20.

అదనపు సమయంలో మళ్ళీ ద్రోగ్బా ఫౌల్, మళ్ళీ పెనాల్టీ. రాబెన్ కొట్టాడు, చెక్ ఆపాడు. చివరికి షూటౌట్లో చెల్సీ 4-3తో గెలిచింది. రాబెన్ బంతి ఒక్క అడుగు పక్కకి వెళ్ళుంటే బెర్ట్రండ్ కథ ఏమయ్యేది? “ఫైనల్లో పిల్లకాయని దింపిన తాత్కాలికం” అని ఇవాళ్టిదాకా నవ్వుకునేవాళ్ళం.

ఆ తర్వాత కథ ఇంకా చిత్రం. ది మత్తెయోని జూన్‌లో పర్మనెంట్ చేశారు, నవంబర్లో పీకేశారు. ముల్లర్‌ని తీసి నవ్వులపాలైన హేంకెస్, మరుసటి ఏడాది అదే బయర్న్‌తో లీగ్, కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచాడు. అంటే ఒక్క మార్పుని బట్టి మనిషి బుర్రని కొలిస్తే రెండు వైపులా తప్పుతామన్నమాట.

నా అనుమానానికి కారణం మాత్రం ఫుట్‌బాల్ కాదు. కిందటేడు మా టీమ్ లీడ్ మానేస్తే, కొత్తాయన వచ్చేదాకా మూడు నెలలు ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఒక రిలీజుకి ముందు రోజు, పూర్తిగా టెస్ట్ చెయ్యలేదని ఒక మార్పుని పక్కన పెట్టించాను. అంతా సాఫీగా జరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. రెండో రిలీజుకి అదే కారణంతో అదే పని చేశాను. ఈసారి ఆ మార్పు లేకపోవడం వల్లే ఒక కస్టమర్ దగ్గర పని ఆగిపోయింది. “టెంపరరీ వాడికి అప్పజెప్తే ఇంతే” అని మీటింగులో ఒకాయన నవ్వాడు. ముందు రోజు అదే మీటింగులో తలూపినవాడే ఆయన! ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకుంటే గుర్తొచ్చింది హిడ్డింక్.

అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. “నిజం చెప్పు, బెల్లెట్టి లోపలికొచ్చినప్పుడు నువ్వేమన్నావు?” కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఏమీ అన్లేదురా. ఇక గెలిచేశాం అనుకుని మంచినీళ్ళు తాగడానికెళ్ళాను.”

అందుకే ఇప్పుడు మా ఇంట్లో మ్యాచ్ చూసేటప్పుడు ఒక రూల్ పెట్టాం. మార్పు జరిగిన నిమిషంలో నోరు విప్పనివాడికి గోల్ పడ్డాక తిట్టే హక్కు లేదు. రూల్ పెట్టినవాణ్ణి నేనే, ఇప్పటికి రెండుసార్లు తప్పినవాణ్ణీ నేనే. మీరైతే 72వ నిమిషంలో ద్రోగ్బాని ఉంచేవారా, తీసేవారా? 93వ నిమిషం మర్చిపోయి చెప్పండి.