వెలుగు దారికి అడ్డు రాకుండా

1985 ఫిబ్రవరిలో మినోల్టా కంపెనీ ఆల్ఫా-7000 కెమెరాను బయటపెట్టింది. బటన్ సగం నొక్కితే చాలు, ఫోకస్ దానంతటదే కుదురుతోంది. జపాన్ కెమెరా పరిశ్రమ మొత్తం ఉలిక్కిపడింది. ఆ ఏప్రిల్‌లోనే క్యానన్ తన ఆటోఫోకస్ కెమెరా టీ80ని మార్కెట్లోకి దించింది. దాని కోసం చేసిన ఆటోఫోకస్ లెన్సులు మూడే. మూడింటికీ గుండ్రటి గొట్టం పక్కన ఓ పెద్ద బుడిపె. మోటారు ఉండేది అందులోనే. చేతికీ అడ్డం, సంచిలో పెట్టుకోవడానికీ అడ్డం. పైగా ఫోకస్ నెమ్మది. టీ80 ఎక్కువకాలం నిలవలేదు.

మినోల్టాకు ఆ తంటా లేదు. మోటారు కెమెరా ఒంట్లోనే ఉంది. చిన్న ఇరుసు ఒకటి లెన్సులోకి అందుకుని దాన్ని తిప్పుతుంది. లెన్సు సన్నగానే ఉండిపోయింది. అయినా క్యానన్ ఇంజనీర్లు ఆ దారి పట్టలేదు. బరువైన గాజును కదిలించడానికి ఒక రకం మోటారు కావాలి, తేలిక గాజుకు ఇంకో రకం. ఏ లెన్సు మోటారు ఆ లెన్సులోనే ఉండాలని పట్టుబట్టారు. ఈ మొత్తం కథలో నేను మెచ్చుకునేది ఆ పట్టుదలనే. చేతిలో ఓడిన వస్తువు ఉండగా, ఆలోచన సరైనదే, ఆకారమే కుదరలేదని తేల్చుకోవడానికి చాలా ధైర్యం కావాలి.

1987 నాటికి కంపెనీకి యాభై ఏళ్లు నిండుతాయి. ఆలోగా కొత్త కెమెరా రావాలి. ఆ రోజుల్లో డిజైన్ బల్ల దగ్గర సాగిన మాటలను ఇక్కడ ఊహించి రాస్తున్నాను. వాళ్ల ముందున్న చిక్కు మాత్రం అక్షరాలా నిజం.

“మోటారు ఎక్కడ పెడదాం?” అన్నాడు పెద్దాయన.

“మధ్యలో వీల్లేదండి. అది వెలుగు నడిచే దారి.”

“పోనీ పక్కన?”

“టీ80కి పెట్టాం కదండీ. బుడిపె వచ్చింది.”

“మరింకేం మిగిలింది?”

కుర్ర ఇంజనీరు ఖాళీ గొట్టాన్ని అందుకుని దాని అంచు వెంట వేలు తిప్పాడు. “ఇదేనండి. లోపలి గాజుకీ బయటి తొడుగుకీ నడుమ ఈ సందు.”

ఆ సందు కొన్ని మిల్లీమీటర్లే. పైగా వంకర. తిన్నగా, చదరంగా ఉండే ఏ భాగాన్ని అందులో దూర్చినా చుట్టూ మూలలు వృథాగా పోతాయి. అందుకని మోటారునే వంచారు. గొట్టం వంపుకు సరిపోయేలా అర్ధచంద్రాకారంలో తయారుచేసి, ఆర్క్ ఫామ్ డ్రైవ్ అని పేరు పెట్టారు. 1987 మార్చిలో ఈఓఎస్ 650 కెమెరాతోపాటు వచ్చిన 35-70 జూమ్ లెన్సులో ఉన్నది అదే. అదే ఏడాది చివర్లో 300 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు కోసం ఇంకో మెట్టు ఎక్కారు. రెండు ఉంగరాలే మోటారు. ఒకటి చెవికి అందని వేగంతో కంపిస్తుంటే, దాన్ని ఒత్తుకుని ఉన్న రెండోది తిరుగుతుంది. పళ్లచక్రాల అవసరం లేదు. నడిమంతా ఖాళీ, వెలుగు తన దారిన తాను పోతుంది.

దీనికి మూల్యం తక్కువేం కాదు. లెన్సును కెమెరాకు బిగించే అమరికను, అంటే 1971 నుంచి నడిచిన పాత ఎఫ్‌డీ మౌంటును, పూర్తిగా వదిలేశారు. ఏళ్ల తరబడి డబ్బు పోగేసి ఆ మౌంటు లెన్సులు కొనుక్కున్న ఫోటోగ్రాఫర్లకు కోపం వచ్చిందంటే అందులో అన్యాయం లేదు. కొత్త మౌంటులో కెమెరాకూ లెన్సుకూ మధ్య కదిలే మీటలు లేవు. ఉన్నవల్లా విద్యుత్ కాంటాక్టులే. వెలుగును తగ్గించి పెంచే అపెర్చర్ రేకుల్ని కదిలించేదీ లెన్సులోని చిన్న మోటారే. అంటే లెన్సులోకి సర్క్యూట్ కూడా వచ్చి చేరింది. అదెక్కడుంటుంది?

అలాంటి ఆటోఫోకస్ లెన్సును వెనక నుంచి విప్పితే జవాబు కనిపిస్తుంది. మౌంటు స్క్రూలు తీసి లోహపు వలయాన్ని ఎత్తగానే, దాని కింద ఒక పక్క నోరు తెరిచిన కడియంలా పచ్చటి బోర్డు పడుకుని ఉంటుంది. చాలా లెన్సుల్లో ఇదే అమరిక. ఆ నోటి దగ్గరి ఖాళీ కూడా ఊరికే పోదు, మోటారుకో మరో భాగానికో పనికొస్తుంది. బోర్డు అంచుల నుంచి తేనెరంగు ఫ్లెక్స్ కేబుళ్లు బయల్దేరతాయి. పల్చటి ప్లాస్టిక్ పొరల మధ్య రాగి గీతలు, అంతే. గొట్టం గోడకు అతుక్కుని వంగుతూ, ఒకచోట మడతపడి, మోటారు దాకా ఒకటి, అపెర్చర్ దాకా ఒకటి. ట్వీజర్‌తో కనెక్టరు మీది నల్లటి గొళ్లెం లేపితేనే కేబులు ఊడివస్తుంది. గోరంత గొళ్లెం అది, తొందరపడితే విరుగుతుంది. జూమ్ తిప్పిన ప్రతిసారీ కొన్ని కేబుళ్లు వంగి లేస్తాయి. ఏళ్లు గడిచాక ఏదో ఒక గీత తెగుతుంది, కెమెరా తెర మీద ఎర్రర్ వస్తుంది. చోటు మిగుల్చుకున్నందుకు కట్టే మూల్యం అది.

ఈ పొదుపు ఎంతదాకా పోయిందో 2012 జూన్‌లో తెలిసింది. క్యానన్ 40 ఎంఎం ఎస్‌టీఎం లెన్సు పొడవు 22.8 మిల్లీమీటర్లు, బరువు 130 గ్రాములు. అందులోనే ఆరు గాజులు, స్టెపింగ్ మోటారు, ఏడు అపెర్చర్ రేకులు, సర్క్యూట్. ఫోకస్ రింగుకూ గాజుకూ నేరుగా లంకె కూడా లేదు. రింగు తిప్పితే సర్క్యూట్‌కు కబురందుతుంది, గాజును మోటారు జరుపుతుంది. కెమెరా ఆఫ్‌లో ఉంటే రింగు ఎంత తిప్పినా ఫోకస్ మారదు.

అంత ఇరుకులో చిక్కు రాకుండా ఉంటుందా? కొన్ని వారాలకే క్యానన్ ఓ ప్రకటన చేయాల్సి వచ్చింది. లెన్సు గొట్టం మీద ఒత్తిడి పడితే, అది సంచిలో పడే ఒత్తిడైనా సరే, ఆటోఫోకస్ ఆగిపోవచ్చు. అప్పటికి బ్యాటరీ తీసి మళ్లీ పెడితే పని చేస్తుంది. అసలు విరుగుడు ఫర్మ్‌వేర్ రూపంలో, అంటే లెన్సు లోపలి ప్రోగ్రాం రూపంలో వచ్చింది. లెన్సును విప్పలేదు, ఒక్క భాగమూ మార్చలేదు. లెన్సు ఫర్మ్‌వేర్‌ను మార్చే సౌకర్యం ఉన్న కెమెరాకు లెన్సు తగిలించి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే, అది మౌంటు కాంటాక్టుల గుండా లెన్సులోకి చేరింది.